ఐదు రాళ్ళ తూకం

ఉద్యోగం ఇచ్చేముందు ఇందుమతి మేడం నన్ను అడిగిన ఒకే ఒక్క ప్రశ్న చింతపండు గురించి.

ఆవిడ బల్ల మీద బంగారం కొట్లో ఉండేలాంటి చిన్న తక్కెడ, దాని పక్కన మూడు ఇత్తడి రాళ్ళు ఉన్నాయి. ఒక గ్రాముది, మూడు గ్రాములది, తొమ్మిది గ్రాములది. కాగితం పొట్లంలో చింతపండు.

"రెండు గ్రాములు తూచి ఇవ్వు" అన్నారు.

నేను చిప్ డిజైన్ మీద ప్రశ్నలకి వారం రోజులు తయారై వచ్చినదాన్ని. తక్కెడ వైపు, ఆవిడ వైపు మార్చి మార్చి చూశాను.

"రెండు గ్రాముల రాయి లేదు కదా మేడం."

"లేదు. అందుకే నిన్ను అడుగుతున్నాను."

"రెండు గ్రాములు చారుక్కూడా చాలదు మేడం."

ఆవిడ నవ్వలేదు. మూడు గ్రాముల రాయిని కుడి పళ్ళెంలో పెట్టారు. ఒక గ్రాము రాయిని ఎడమ పళ్ళెంలో వేసి, దాని పక్కనే చింతపండు గిల్లి గిల్లి వేశారు. ముల్లు మధ్యకి వచ్చి ఆగింది.

"రాయిని సరుకు పక్కన కూడా వెయ్యొచ్చు. కొట్టువాడు వేస్తే మోసం, లెక్కల్లో వేస్తే అందం. ప్రతి రాయికీ మూడు దారులు. ఈ పళ్ళెం, ఆ పళ్ళెం, లేదంటే బల్ల మీద ఖాళీగా కూర్చోవడం. ఇంకో రెండు రాళ్ళు, ఇరవై ఏడూ ఎనభై ఒకటీ కలిపావంటే నూట ఇరవై ఒకటి దాకా ఏ పూర్ణసంఖ్యనైనా తూచొచ్చు. ఒక్కో సంఖ్యకీ ఒక్కటే పద్ధతి. మైనస్ గుర్తుతో కూడా పని లేదు, పళ్ళేలు మార్చేస్తే సరి."

తర్వాత చింతపండు మళ్ళీ పొట్లం కట్టి నాకే ఇచ్చారు. ఉద్యోగం వచ్చిందని అలా తెలిసింది.

కాకినాడలో సముద్రపు గాలికి కిటికీ ఊచలు రాలిపోతున్న ఒక ఇంజినీరింగ్ కాలేజీ. దాని రెండో అంతస్తులో ఉండేది మా ల్యాబ్. మనుషులం ముగ్గురం. మేడం, నేను, జిలానీ. సర్క్యూట్లు జిలానీ కడతాడు, వాటికి బుద్ధి చెప్పడం నా పని, మా ఇద్దరికీ బుద్ధి చెప్పడం మేడం పని. మేం తయారుచేస్తున్నది బియ్యపు గింజంత చిప్పు. మామూలు చిప్పులు ఒకటీ సున్నాలతో లెక్కలు చేస్తాయి. మాది మూడింటితో చేస్తుంది: అవును, కాదు, ఏమో.

"కంప్యూటర్లకి ఏమో అనడం రాదే" అనేవారు మేడం. "మన ఇళ్ళల్లో సగం మాటలు దాని మీదే నడుస్తాయి. పెళ్ళిచూపులకి వెళ్ళొచ్చినవాళ్ళని నచ్చాడా అని అడిగి చూడు."

నరం కూడా అంతేనట. ముందుకు తోస్తుంది, వెనక్కి లాగుతుంది, లేదా ఊరుకుంటుంది. కదలలేని, మాట్లాడలేని రోగుల మెదడు నుంచి సంకేతాలు చదివే పరికరాలు అప్పటికే చాలా ఉన్నాయి. అవన్నీ ఊరుకున్న నరాన్ని కూడా ఏదో ఒక గట్టుకి ఈడ్చేసేవి. మా చిప్పు ఈడ్చదు. దానికి మేం పెట్టుకున్న పేరు తక్కెడ. చిన్న చిన్న సంగతులకి ఒక్క రాయి చాలు: ఫ్యాన్ వెయ్యనా, అవును. ఉప్మా తింటారా, కాదు. పెద్ద సంగతులకి ఐదు రాళ్ళూ వాడాలి. మనిషి ఒక్కో రాయినీ అవును పళ్ళెంలోనో కాదు పళ్ళెంలోనో వేస్తాడు, లేదా వదిలేస్తాడు. చివరికి వచ్చే సంఖ్యే జవాబు. సున్నాకి పైన ఉంటే అవును, కింద ఉంటే కాదు. ఎంత గట్టిగా అన్నదీ ఆ సంఖ్యలోనే ఉంటుంది.

తప్పులు పట్టడానికి మేడం ఒక చిట్కా పెట్టారు. రాళ్ళన్నీ బేసి బరువులే కాబట్టి, సరి సంఖ్యలో రాళ్ళు వాడితే జవాబు సరి, బేసి సంఖ్యలో వాడితే బేసి. ఎక్కడ వేశామన్నదానితో పని లేదు. అందుకని జవాబు అయ్యాక ఆరో సంకేతంగా మనిషి సరో బేసో చెప్పాలి. కలవకపోతే మధ్యలో ఎక్కడో ఒక రాయి జారిపోయిందని అర్థం. ఐదు రాళ్ళ పద్ధతిలో ఆరోది పడ్డాక, ఇంకో ప్రశ్న అడిగేదాకా తెర ఏ సంకేతమూ తీసుకోదు. ఇంత చిన్న చిట్కా అంత పని చేస్తుందని తెలిసిన రోజు నేను మధ్యాహ్నం డబ్బా తెరవడం కూడా మర్చిపోయాను.

ఆ ఏడు ఎన్నికల లెక్కింపు రోజున క్యాంటీన్ టీవీ ముందు నిలబడ్డాం. ఎవరిదో భారీ మెజారిటీ తెర మీద పడింది. మేడం గాలిలో వేలు పెట్టి కుడివైపు నుంచి మొదలుపెట్టారు. "ఒకట్లు, పదులు, వందలు, వేలు, పదివేలు, లక్ష..." ఆవిడ చదవడం పూర్తయ్యేలోపు ఛానెల్ వాడు ఇంకో నియోజకవర్గానికి వెళ్ళిపోయాడు.

"మేడం, కోట్ల కొద్దీ ట్రాన్సిస్టర్లతో పని చేస్తారు, ఇంకా వేలుతో లెక్కెడతారా" అన్నాడు జిలానీ.

"మా నాన్న ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. పెద్దంకె ముందు చదివితే చెవి మెలేసేవాడు. ఒకట్ల దగ్గర్నుంచి ఎక్కి రావాలి, మేడ ఎక్కినట్టు."

ఆ రోజు నవ్వుకున్నాం. అందరం చిన్నప్పుడు అలా నేర్చుకున్నవాళ్ళమే.

జబ్బు మేడం చేతిలోంచి స్క్రూడ్రైవర్ జారిపోవడంతో మొదలైంది. కండరాలని నడిపే నరాలు ఒక్కొక్కటే ఆరిపోయే జబ్బు. డాక్టర్ సుగుణాకర్ దాని పేరు చెప్పేసరికే మేడం దాని మీద వచ్చిన పేపర్లన్నీ చదివేసి ఉన్నారు. బయటికి రాగానే, "తక్కెడకి మొదటి మనిషి దొరికింది, నా కన్నా ఓపికగా సహకరించేవాళ్ళు దొరకరు" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. "ఏడిస్తే ల్యాబ్ బయట ఏడు, లోపల బోర్డులున్నాయి" అన్నారు.

చిప్పు పెట్టించుకున్నాక, మాట ఇంకా ఉండగానే, ఆవిడ నియమాలు చెప్పి డాక్టర్ ముందు రికార్డు చేయించారు. ఏదో ఒక రోజు ఊపిరి ఆగేలా ఉంటుంది. గొంతుకి రంధ్రం చేసి గొట్టం వేసి, ఇక ఎప్పటికీ వెంటిలేటర్ మీద ఉంచాలా వద్దా అని అడగాల్సి వస్తుంది. ఆ ప్రశ్నకి ఒక్క రాయి జవాబు చెల్లదు, ఐదు రాళ్ళూ కావాలి. ఒక్కసారే అడగాలి. "రెండోసారి అడిగితే అది అడగడం కాదు, బతిమాలడం. మా తమ్ముడు బతిమాలితే నేను రాయిలాంటిదాన్నైనా కరుగుతాను. కాబట్టి కుదరదు."

ఆ తమ్ముడు గంగరాజు గారు. చేపల రేవు దగ్గర ఐస్ ఫ్యాక్టరీ నడుపుతారు. మేడం పెళ్ళి చేసుకోలేదు, ఆయనకి భార్య పోయింది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటూ రోజూ దెబ్బలాడుకునేవారు.

"మా అక్క నాకు అర్థమయ్యేలాగ ఎప్పుడు మాట్టాడిందండి" అనేవారు ఆయన. "చిన్నప్పుడు లెక్కలు చెప్పమంటే చెప్పీ చెప్పకుండా చెప్పేది. ఇప్పుడు మాటే లేదు, ఇక చూస్కోండి."

ఆ రోజు వానాకాలం ఉదయం వచ్చింది. ఆస్పత్రి గదిలో మేం నలుగురం, మంచం మీద మేడం. అప్పటికి ఆవిడ కనురెప్పలు కూడా మాట వినడం మానేశాయి. ముక్కు మీద మాస్క్ ఉన్నా ఊపిరి సరిపోవడం లేదు. సాయంత్రంలోగా నిర్ణయం కావాలన్నారు డాక్టర్.

ముందు పరికరం సరిచూశాం. ఐదు రాళ్ళూ అవును పళ్ళెంలో వెయ్యమన్నాం. నూట ఇరవై ఒకటి వచ్చింది. ఐదూ కాదు పళ్ళెంలో వెయ్యమన్నాం. మైనస్ నూట ఇరవై ఒకటి. అన్నీ వదిలెయ్యమన్నాం, సున్నా. బాగానే ఉంది.

డాక్టర్ ప్రశ్న అడిగారు.

తెర మీద ఒక్కో రాయీ మెల్లగా వచ్చింది. కాదు. కాదు. కాదు. కాదు. కాసేపు ఏమీ లేదు. తర్వాత, అవును. ఆరో సంకేతం: బేసి. ఐదు రాళ్ళు, బేసి, కలిసింది. కింద మొత్తం పడింది. మైనస్ నూట పంతొమ్మిది.

గంగరాజు గారు తెర వైపు చూసి, నా వైపు చూశారు.

"మైనస్ అంటే వద్దనే కదమ్మా."

"అవునండి."

"పెద్దదేనా ఆ నంబరు?"

"దాదాపు అన్నిటికన్నా పెద్దదండి."

ఆయన తలాడించారు. మంచం దగ్గరికి వెళ్ళి దుప్పటి సర్దారు. "సర్లే అక్కా. నీ ఇష్టం. నేనేం అనను. అడగొద్దన్నావు, అడగను." అని కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. ఆయన భుజాలు కదులుతుంటే జిలానీ వెళ్ళి పక్కన నిలబడ్డాడు.

డాక్టర్ నర్స్‌ని పిలవడానికి తలుపు దాకా వెళ్ళారు. నాకు మాత్రం ఆ చివరి అవును మింగుడు పడలేదు. ఎనభై ఒకటి కాదు, ఇరవై ఏడు కాదు, తొమ్మిది కాదు, మూడు కాదు, ఒక్క గ్రాము మాత్రం అవును. ఏనుగుని ఒకవైపు కూర్చోబెట్టి రెండో వైపు తమలపాకు పెట్టినట్టు. వద్దనుకున్న మనిషి ఐదూ కాదు అని ఊరుకోవచ్చు కదా. మేడం లెక్కలో ఊరికే వేసిన రాయి ఒక్కటి కూడా నేను చూడలేదు.

"డాక్టర్ గారూ, ఒక్క ప్రశ్న అడగనివ్వండి."

"రెండోసారి అడగకూడదు హిమజా. ఆవిడే కదా చెప్పింది."

"అది కాదండి. వేరేది." నేను మంచం మీదికి వంగాను. "మేడం, మీ వయసెంత? ఐదు రాళ్ళతో."

జిలానీ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. తెర మీద రాళ్ళు వచ్చాయి. అవును. అవును. ఖాళీ. కాదు. అవును. సరి. నాలుగు రాళ్ళు, కలిసింది. మొత్తం, నూట ఆరు.

"నూట ఆరా" అన్నారు గంగరాజు గారు, ముక్కు తుడుచుకుంటూ. "మా అక్కకి యాభై ఎనిమిదండి. నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. వయసు విషయంలో అబద్ధమాడేది గానీ పెంచి చెప్పేది కాదు."

చిప్పు పాడైందేమో అని జిలానీ కేబుల్ వైపు చెయ్యి చాచాడు. నేను వద్దన్నాను. యాభై ఎనిమిదిని మనసులో రాళ్ళుగా పేర్చి చూశాను. ఎనభై ఒకటి అవును, ఇరవై ఏడు కాదు, తొమ్మిది ఖాళీ, మూడు అవును, ఒకటి అవును. తెర మీదున్నది అదే వరస. కాకపోతే ఆ చివర నుంచి.

నా కళ్ళ ముందు క్యాంటీన్ టీవీ, గాలిలో ఒక వేలు.

"జిలానీ, మనం మొదట వచ్చే రాయిని ఏదనుకుంటున్నాం?"

"ఎనభై ఒకటి. పెద్దదేగా ముందు. రాసేటప్పుడు ఎడమవైపు అదే కదా ఉంటది."

"మేడం ఎప్పుడైనా పెద్దంకె ముందు చదవగా చూశావా?"

అతను చాలా నెమ్మదిగా అన్నాడు, "ఒకట్లు, పదులు, వందలు."

ఏ కొస నుంచి మొదలుపెట్టాలో మా ముగ్గురిలో ఎవరం ఎవరినీ అడగలేదు. ఎవరికి వాళ్ళకి అది అడగాల్సిన సంగతిలా అనిపించలేదు. ఇంతకాలం ఒక్క రాయితో గడిచింది, దానికి కొసలు లేవు. పరీక్షకి వేయించినవి అన్నీ అవును, అన్నీ కాదు, అన్నీ ఖాళీ. ఎటు నుంచి చదివినా ఒకటే. ఇక అంత ముద్దుగా చూసుకున్న సరి బేసి చిట్కా రాళ్ళ లెక్క మాత్రమే చూస్తుంది, వరస చూడదు. నూట ఆరూ సరే, యాభై ఎనిమిదీ సరే.

డాక్టర్ వెనక్కి వచ్చారు. నేను చెప్పింది విని గడ్డం గోక్కున్నారు. "కాకతాళీయం కావచ్చు. ఇంకొకటి కావాలి. జవాబు నీకు కూడా తెలియనిది."

గంగరాజు గారు గొంతు సర్దుకున్నారు. "నేనడగొచ్చాండి? ఇది దానికీ నాకూ తప్ప ఎవరికీ తెలీదు." ఆయన మంచం దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నారు. "అక్కా, ఇంటర్ లెక్కల్లో నాకెన్ని మార్కులొచ్చినియ్యి?"

కాదు. ఖాళీ. కాదు. అవును. ఖాళీ. బేసి. మొత్తం, మైనస్ ఎనభై ఏడు.

"ఏంటండీ గంగరాజు గారూ, మరీ అంత ఘోరంగా రాశారా" అన్నాడు జిలానీ. అనేసి నాలుక కరుచుకున్నాడు.

నేను గాలిలో వేలు పెట్టాను. "ఒకట్లు, కాదు. మూళ్ళు, ఖాళీ. తొమ్మిదులు, కాదు. ఇరవై ఏడులు, అవును. ఎనభై ఒకట్లు ఖాళీ. ఇరవై ఏడులోంచి తొమ్మిది తీస్తే పద్దెనిమిది, ఒకటి తీస్తే..." ఆయన వైపు తిరిగాను. "పదిహేడా అండి?"

ఆయన రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. "పదిహేడేనమ్మా. నాన్నకి నలభై ఏడని చెప్పింది నాకోసం. పదిహేడే."

డాక్టర్ తెర మీద మొదటి జవాబు మళ్ళీ తెచ్చారు. కాదు, కాదు, కాదు, కాదు, అవును. ఈసారి ఆయనే వేలు పెట్టి కింది మెట్టు నుంచి ఎక్కారు. ఒకటి కాదు. మూడు కాదు. తొమ్మిది కాదు. ఇరవై ఏడు కాదు. ఎనభై ఒకటి, అవును.

"ఆ నాలుగూ కలిపితే ఎంత?"

"నలభై" అన్నాను. "ఎంత మోసినా నలభయ్యే. పెద్ద రాయి ఏ పళ్ళెంలో ఉంటే తక్కెడ అటే. మిగతావన్నీ ఒక్కటై ఎదురుతిరిగినా దాన్ని లేపలేవు."

"అంటే నలభై ఒకటి."

"అవునండి. ఎనభై ఒకటిని అవునులో వేశాక అంతకన్నా చిన్న అవును చెప్పడం కుదరదు."

చదివి వదిలేసిన సూత్రం అది. పాఠంలో ఒక లైను. మేడం దాంట్లో కూర్చుని మాతో మాట్లాడారు. నాకు ఇది ఇష్టం లేదు, ఇదీ ఇష్టం లేదు, ఇదీ, ఇదీ కూడా. అయినా ఉంటాను.

గొట్టం వేస్తే గాలి ఇక ముక్కులోంచి పోదు, వాసనలు తెలియవు అని డాక్టర్ చెప్పారు. ఆపరేషన్‌కి తీసుకెళ్ళేముందు జిలానీ జేబులోంచి, వైర్లు అతికేటప్పుడు రాసే సోల్డరింగ్ ఫ్లక్స్ డబ్బా తీశాడు. ఆవిడకి సముద్రపు గాలికన్నా ఆ వాసనే ఇష్టం. నర్స్ చూడకుండా మాస్క్ కొంచెం ఎత్తి, మూత తీసి ముక్కు దగ్గర పట్టాడు. అప్పటికే ఒక్క రాయి పద్ధతికి మార్చిన తెర మీద రాయి పడింది. అవును. ఎవరూ ఏమీ అడగలేదు.

కోలుకున్నాక అక్షరానికో సంఖ్య పెట్టుకుని మాటలు కూడా చెప్పడం మొదలుపెట్టారు. మొదటి మాటకి ఒక పూట పట్టింది. ఆశీర్వాదమేమో అని గంగరాజు గారు నిలబడే ఉన్నారు. వచ్చింది, "దద్దమ్మలు".

ఆ నాలుగు కాదులూ ఏంటో తర్వాత మెల్లమెల్లగా తెలిశాయి. మెషిన్ చప్పుడు. ఇతరులు మూతి తుడవడం. వాసనలు పోవడం. అన్నిటికన్నా బరువైనది, తమ్ముడు ఐస్ ఫ్యాక్టరీ వదిలేసి మంచం పక్కన ముసలాడైపోవడం. ఎనభై ఒకటి ఏమిటో మాత్రం చెప్పలేదు. అడిగితే ఖాళీ రాయి వేస్తారు. మా చిప్పుతో వచ్చిన లాభం అదే, ఏమో అనగలరు.

వరస తప్పు సరిచేసి, ఇకనుంచి సరైన మొత్తమే తెర మీద పడేలా రాస్తానన్నాను. కాదు అన్నారు. మొత్తం అసలు కనిపించకూడదట, రాళ్ళు వచ్చినవి వచ్చినట్టు కనిపించాలట, చూసేవాళ్ళు వేలు పెట్టి ఎక్కాలట. ఇంకో నియమం కూడా పెట్టారు. ఒకసారి ఒప్పుకున్నందుకు జన్మంతా ఒప్పుకున్నట్టు కాదు కాబట్టి, నెలకోసారి అదే ప్రశ్న మళ్ళీ అడగాలి. ఒక్కసారే, బతిమాలకుండా. సున్నాకి కిందికి వెళ్ళిన రోజున డాక్టర్‌ని పిలవాలి.

అప్పట్నుంచి అడుగుతున్నాం. ఇప్పుడు ల్యాబ్‌లోనే ఒక మూల మేడం మంచం. మా కొత్త బోర్డుల్లో సగం తప్పులు అక్కడి నుంచే పట్టుకుంటున్నారు. పక్షవాతం వచ్చి మాట పోయిన సామర్లకోట ఆవిడొకరు మొన్న తక్కెడతో కొడుకుని తిట్టారు. ఆ తిట్టు విని కొడుకు ఏడ్చాడు, సంతోషంతో. నెల నెలా వచ్చే జవాబు మాత్రం ఒకేలా ఉండదు. యాభై దాకా పోయింది, ఇరవైకి దిగింది. నేను ప్రతిసారీ వేలు పెట్టి ఎక్కుతాను.

ఈ నెల ప్రశ్న నిన్న పొద్దున అడిగాను. గంగరాజు గారు లారీలకి ఐస్ ఎక్కించడం సగంలో వదిలేసి వచ్చారు, ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసి ఉంది.

అవును.

తర్వాత ఖాళీ. ఖాళీ. ఖాళీ. ఖాళీ. బేసి.

"మొదట్లోనే అవునంది" అన్నారాయన, మొహం వెలిగిపోతూ. "పెద్దదేనామ్మా? ఎనభై ఒకటేనా?"

ఆ కొస నుంచి చదివితే ఎనభై ఒకటే. ఇన్ని నెలల్లో అంత పెద్ద జవాబు రాలేదు. ఆయనకి అలాగే చదివి చెప్పి పంపించేయొచ్చు. మేడం వింటున్నారు. నేను వేలు పెట్టాను.

"ఒకట్లండి. ఒకటి."

"ఒకటేనా."

"ఒకటేనండి."

ఆయన స్టూలు మీద కూర్చున్నారు. వెంటిలేటర్ ఒకసారి పీల్చి, ఒకసారి వదిలింది. "ఒకటంటే... అవునే కదా అది?"

"అవునేనండి. సున్నాకి పైన." నేను మళ్ళీ తెర వైపు చూశాను. అప్పుడు కనిపించింది నాకు. "ఇంకోటి చూశారా? మొదటిసారి నాలుగు కాదులు వేశారు. ఈసారి ఒక్క కాదు కూడా లేదు. నాలుగు రాళ్ళూ బల్ల మీదే పెట్టేశారు."

గంగరాజు గారు తెర మీద నాలుగు ఖాళీలనూ వేలితో లెక్కపెట్టుకున్నారు. తర్వాత లేచి, తడి ప్యాంటు దులుపుకున్నారు.

"అయితే ఐస్ కరిగిపోద్ది, లారీ పంపించేసి వత్తాను. అక్కా, వెళ్ళనా?"

ఒక్క రాయి ప్రశ్న. మేడం ఆలస్యం చెయ్యలేదు.

అవును.